సంతకం పెట్టే ముందు ఆ కిటికీని ఒకసారి చూడండి: ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్నవాళ్ల కోసం చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

నా పని పాత ఇళ్లని సర్వే చేయడం. ఇల్లు కొనేముందు వెళ్లి గోడలు తట్టి, నేల తొక్కి, అటక ఎక్కి చూసి రిపోర్టు రాస్తాను. ఇక్కడ మనవాళ్లు కొంటున్నవాటిలో నూరేళ్లు దాటిన టెర్రస్ ఇళ్లు, అంటే పక్క గోడలు కలిసి వరసగా కట్టినవి, చాలానే ఉంటున్నాయి, స్కూలు బాగుండి స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే వీధుల్లో దొరికేవి అవే మరి. తాళాలు చేతికొస్తాయి, మొదటి చలికాలం వస్తుంది, కిటికీ పక్కన సోఫాలో కూర్చుంటే మెడ మీద చలిగాలి, పొద్దున లేచేసరికి అద్దాల మీద నీళ్లు, పిల్లలకి జలుబు. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, కిటికీల కంపెనీ అతను వచ్చి చూశాడు, అన్నీ కుళ్లిపోయాయట, శుక్రవారం లోపు సంతకం పెడితే ముందు తలుపు కూడా అదే రేటులో వేసిస్తాడట, ఏమంటావు?"

పెట్టొద్దంటాను. శుక్రవారం దాటితే కొంపేమీ మునగదు. వందేళ్ల పైన నిలబడిన కిటికీ ఇంకో నెల నిలబడలేదా?

ముందు రూల్స్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఇక్కడ కొంతమందికి లేనిపోని టెన్షన్, కొంతమందికి లేనిపోని ధైర్యం. నేను చెప్పేది ఇంగ్లండ్ గురించే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో చట్టాలు వేరు, అక్కడ ఇల్లు ఉన్నవాళ్లు ఇవే రూల్స్ అనుకుని ముందుకెళ్లకండి.

కన్జర్వేషన్ ఏరియాలు, అంటే పాత రూపం చెడకుండా కాపాడాలని స్థానిక కౌన్సిల్ గుర్తించిన ప్రాంతాలు, 1967లో వచ్చిన సివిక్ అమెనిటీస్ యాక్ట్‌తో మొదలయ్యాయి. మొట్టమొదటిది లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్ ఊరు, అదే సంవత్సరం. ఇప్పుడు ఒక్క ఇంగ్లండ్‌లోనే దాదాపు 10,000 ఉన్నాయి, కాబట్టి మన ఇల్లు అందులో పడటం పెద్ద వింతేమీ కాదు. ఇక్కడ చట్టం చూసేది ఒక్క ఇంటిని కాదు, మొత్తం వీధి రూపాన్ని. లిస్టెడ్ బిల్డింగ్, అంటే చారిత్రక కట్టడాల జాబితాకి ఎక్కిన ఇల్లు, దీనికి పూర్తిగా వేరు, అక్కడ ఆ ఒక్క ఇంటికే రక్షణ, లోపలా బయటా కలిపి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

మీ ఇల్లు లిస్టెడ్ అయితే కిటికీ మార్చడానికి లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ కావాలి, వెనకవైపు కిటికీ అయినా సరే, ఎవరికీ కనపడకపోయినా సరే. అప్లికేషన్‌కి ఫీజు లేదు. కానీ తీసుకోకుండా చేస్తే అది నేరం, కోర్టు దాకా వెళ్తే రెండేళ్ల జైలు, పరిమితి లేని జరిమానా వరకు వేయొచ్చు. పైగా ఎన్నేళ్లయినా కౌన్సిల్ వచ్చి "పాతది మళ్లీ పెట్టు" అనొచ్చు, దానికి కాలపరిమితి లేదు. మార్చింది మీ ముందు ఓనర్ అయినా ఆ నోటీసు మీకే వస్తుంది.

లిస్టెడ్ కాదు, కన్జర్వేషన్ ఏరియాలో ఉన్న మామూలు ఇల్లు. ఇక్కడ చాలామంది నమ్మని విషయం చెబుతాను. ఫ్లాట్ కాకుండా ఇల్లు అయితే, అది టెర్రస్ ఇల్లైనా సరే, కౌన్సిల్ ప్రత్యేకంగా ఆపి ఉంచకపోతే, సాధారణంగా కిటికీ మార్చడానికి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. కొత్తది చూడటానికి పాతదానిలా ఉండాలన్న షరతు మాత్రం ఉంటుంది. అలా ప్రత్యేకంగా ఆపడానికి కౌన్సిల్ వాడే ఆయుధం పేరు ఆర్టికల్ 4 డైరెక్షన్. అది ఉంటే ఆ స్వేచ్ఛ పోతుంది, వీధి వైపు కిటికీకి, తలుపుకి, ఒక్కోసారి రంగుకి కూడా పర్మిషన్ అడగాలి. మీ పక్క వీధికి ఉండి మీ వీధికి లేకపోవచ్చు, మీ వీధిలోనే ముందువైపుకి ఉండి వెనకవైపుకి లేకపోవచ్చు. "మా పక్కింటాయన ప్లాస్టిక్ పెట్టించుకున్నాడు కదా" అనేది వాదన కాదండీ, ఆయన ఆర్టికల్ 4 రాకముందు పెట్టించి ఉంటాడు, లేదా దొంగచాటుగా పెట్టించి ఉంటాడు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మ్యాప్ ఉంటుంది, చూడండి. ఇల్లు కొన్నప్పుడు మీ సాలిసిటర్, అంటే మీ లాయరు, చేయించిన లోకల్ సెర్చ్ కాగితాల్లో కూడా ఉంటుంది, మనం ఎవరం చదవని ఆ కట్టలోనే.

ఫ్లాట్ అయితే కథ వేరు. ఇళ్లకి ఉండే ఆ వెసులుబాటు ఫ్లాట్‌లకి మొదటినుంచీ లేదు, కాబట్టి బయటి రూపం మారేలా కిటికీ మారిస్తే పర్మిషన్ కావాలి, ఆర్టికల్ 4 ఉన్నా లేకపోయినా. ఫ్లాట్‌లు సాధారణంగా లీజ్‌హోల్డ్, అంటే దీర్ఘకాలం లీజుకి తీసుకున్నవి, కాబట్టి ఆ కిటికీ అసలు మీది కాకపోవచ్చు కూడా, బిల్డింగ్ అసలు యజమానిని, అంటే ఫ్రీహోల్డర్‌ని, అడగాలి.

ఇక రిపేరుకి, అంటే కుళ్లిన ముక్క తీసి అలాంటి ముక్కే అతికించడానికి, కిటికీ రెక్క తాడు మార్చడానికి, పుట్టీ పెట్టడానికి కన్జర్వేషన్ ఏరియాలో ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. లోపలివైపు ఇంకో అద్దం పెట్టుకోవడానికీ అక్కర్లేదు, ఇల్లు లిస్టెడ్ కాకపోతే. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి, తరువాత వాటి దగ్గరికే వస్తాను.

ఇప్పుడు అసలు ఆ కిటికీ ఎందుకలా ఉందో చూద్దాం. పైకీ కిందికీ జరిగే రెండు రెక్కలు, వాటిని తాళ్లతో నిలబెట్టే బరువులు, ఆ బరువులు దాగే చెక్క పెట్టె, దీన్నే సాష్ కిటికీ అంటారు. ఇది చరిత్ర పాఠం అనుకోకండి, రేపు కౌన్సిల్ ఆఫీసర్ మీ డ్రాయింగ్‌లో దేన్ని వేలెత్తి చూపిస్తాడో ఇందులోనే ఉంది.

1666లో లండన్ తగలబడింది. ఆ భయం పోలేదు, గోడ ముఖానికి సమంగా ఉన్న చెక్క చట్రాల మీదుగా మంట పాకుతుందని 1709లో లండన్, వెస్ట్‌మినిస్టర్‌లలో చట్రాన్ని 4 అంగుళాలు లోపలికి జరపమని చట్టం చేశారు. 1774లో ఇంకో అడుగు వేసి, బరువులు ఉండే చెక్క పెట్టెని ఇటుక వెనక దాచమన్నారు. అందుకే జార్జియన్ ఇంటి ముందు, అంటే 18వ శతాబ్దం, 19వ శతాబ్దం మొదట్లో కట్టిన ఇంటి ముందు, నిలబడి చూస్తే చెక్క సన్నటి గీతలా కనిపిస్తుంది, దాని చుట్టూ ఇటుక నీడ పడుతుంది. కొత్త ప్లాస్టిక్ కిటికీ తెచ్చి అదే ఖాళీలో ముందుకి బిగిస్తే ఆ నీడ పోతుంది, తెల్ల చట్రం మూడింతలు కనిపిస్తుంది, ఏదో తేడాగా ఉందని వీధిలో నడిచేవాడికి అర్థమవుతుంది కానీ ఏంటో చెప్పలేడు.

అద్దం సంగతి. అప్పట్లో గాజుని ఊది, గిర్రున తిప్పి, పళ్లెంలా పరిచేవారు, దాన్నుంచి చిన్న ముక్కలే వచ్చేవి, అందుకే పైరెక్కకి ఆరు, కిందిరెక్కకి ఆరు. పైగా గాజు మీద పన్ను, అదీ బరువుని బట్టి. 1845లో ఆ పన్ను ఎత్తేశారు, 1696 నుంచి ఉన్న కిటికీ పన్ను 1851లో పోయింది. ఇంతలో పెద్ద పలకలు చవకయ్యాయి. పెద్ద అద్దం వస్తే మధ్యలో సన్న పట్టీలు ఎగిరిపోయాయి, పట్టీలు పోతే అద్దం బరువంతా రెక్క మూలల మీద పడింది, మూల విడిపోకుండా నిలువు చెక్కని కొంచెం కిందికి పొడిగించి వదిలేశారు. ఆ పొడిగింపునే కొమ్ములు అంటాం, హార్న్స్. విక్టోరియన్ కిటికీకి, అంటే విక్టోరియా రాణి కాలం నాటిదానికి, కొమ్ములుంటాయి, అంతకుముందు జార్జియన్ కిటికీకి ఉండవు. ఇప్పుడు బజార్లో దొరికే ప్లాస్టిక్ సాష్‌లకి కొమ్ములు విడిగా అంటించి ఇస్తారు, ఆరు గళ్ల జార్జియన్ నమూనాకి కూడా! ఆఫీసర్‌కి అది చూడగానే తెలిసిపోతుంది.

(నవ్వులు)

పన్ను వల్ల మూసేశారని చెప్పుకునే గుడ్డి కిటికీలన్నీ పన్ను కథలు కావు, కొన్నింటిని ముందు గోడ సమంగా కనపడాలని కట్టేటప్పుడే అలా కట్టారు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పగలగొట్టి తెరిచే ముందు లోపల ఏముందో చూసుకోండి, ఒకచోట వెనకాల పొగగొట్టం ఉంది.

ఇక చెక్క. పాత సాష్‌లకి వాడింది ఎక్కువగా చల్లటి దేశాల్లో నెమ్మదిగా పెరిగిన పైన్. వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, గట్టిది. ఇవాళ చవగ్గా దొరికే చెక్క తొందరగా పెంచినది. అందుకే పాత చట్రం కుళ్లిందని పూర్తిగా పీకి చవక చెక్కతో కొత్తది చేయిస్తే, పదిహేనేళ్లకి కొత్తదే ముందు పోయినా నేను ఆశ్చర్యపోను.

"అన్నీ కుళ్లిపోయాయి" అన్నాడు కదా, నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని బయటివైపు కింది గడపచెక్క మీద, కిందిరెక్క అడుగు చెక్క మీద, ఆ మూలల్లో మెల్లగా గుచ్చండి. నీళ్లు నిలిచేది అక్కడే కాబట్టి కుళ్లేది అక్కడే. దిగబడితే కుళ్లింది. తరువాత పైకి వచ్చి మధ్యలో గుచ్చండి, పైరెక్కలో గుచ్చండి, అక్కడ టక్కుమని ఆగుతుంది. నేను చూసే కిటికీల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, అడుగున ఒక చెయ్యి ఎత్తు పోయి ఉంటుంది, మిగతాదంతా రాయిలా ఉంటుంది. ఒంటి మీద చొక్కా అంచు చిరిగితే చొక్కా పారేస్తామా? మంచి వడ్రంగి అయితే కుళ్లిన ముక్క కోసేసి, ఏటవాలుగా కొత్త ముక్క అతికిస్తాడు, రంగు వేశాక అతుకు కనపడదు.

గాలి ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి మన ఇళ్లలో ఎలాగూ ఉండేదే చాలు, అగరొత్తి. గాలి బాగా వీస్తున్న రోజు వెలిగించి కిటికీ చుట్టూ నెమ్మదిగా తిప్పండి, రెండు రెక్కలు కలిసే మధ్య చోట, పక్క పట్టీల వెంట, అడుగున. పొగ ఎక్కడ వంగితే అక్కడ సందు ఉంది. అద్దం మధ్యలోకి వచ్చేసరికి పొగ నిలువుగా పోతుంది, ఎందుకంటే అద్దంలోంచి గాలి రాదు. మీ మెడకి తగిలే ఈదురు ఆ సందులది. ఆ సందుల్లో బ్రష్‌లాంటి పట్టీలు దిగేసి బిగిస్తారు, దాన్నే డ్రాఫ్ట్ ప్రూఫింగ్ అంటారు, బయటికి కనపడదు. 2009లో పాత కట్టడాల సంగతి చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కోసం గ్లాస్గో కాలెడోనియన్ యూనివర్సిటీ వాళ్లు పాత సాష్ కిటికీని ల్యాబులో పెట్టి కొలిచారు. పట్టీలు వేస్తే గాలి కారడం 86 శాతం దాకా తగ్గొచ్చని తేలింది. మందపాటి కర్టెన్ మూస్తే వేడి పోవడం 40 శాతం దాకా తగ్గింది, లోపల మంచి సెకండరీ గ్లేజింగ్ పెడితే 60 శాతం పైన. మీ ఇంట్లో పాత చెక్క షట్టర్లు గోడలో మడిచి, రంగు కింద మూసుకుపోయి ఉన్నాయేమో చూడండి, చాలా ఇళ్లలో ఉంటాయి, ఉన్నాయన్న సంగతే తెలీదు. అవి సరిగ్గా మూసుకుంటే అవీ దాదాపు అంతే పని చేస్తాయి.

సెకండరీ గ్లేజింగ్ అంటే పాత కిటికీని ముట్టుకోకుండా లోపలివైపు సన్న చట్రంలో ఇంకో అద్దం. రోడ్డు మీద బస్సుల మోత ఉన్నవాళ్లకి డబుల్ గ్లేజింగ్, అంటే ఒకే చట్రంలో రెండు అద్దాలు కలిపి సీలు వేసినది, దానికన్నా ఇదే మేలు, రెండు అద్దాల మధ్య 100 మిల్లీమీటర్లు, ఆపైన దూరం ఉంటే శబ్దం బాగా తగ్గుతుంది. లోపలి అద్దం బాగా బిగుతుగా ఉండాలి, బయటి పాత కిటికీ కొంచెం గాలి ఆడాలి. ఇది తిరగబడితే మధ్యలో ఆవిరి పడుతుంది. పొద్దున్నే అద్దాల మీద నీళ్లు అన్నాను కదా, అందులో కిటికీ తప్పు సగమే. కుక్కర్ ఆవిరి, వేణ్నీళ్ల స్నానం, రేడియేటర్ మీద ఆరేసిన బట్టలు, వీటి తేమ ఎటో పోవాలి. కొత్త కిటికీలు పెట్టి ఇల్లంతా డబ్బాలా బిగించేస్తే ఆ తేమ అద్దం వదిలి బీరువా వెనక గోడకి చేరి బూజు పడుతుంది, అది నేను ఎన్ని ఇళ్లలో చూశానో.

ఒక జాగ్రత్త. పాత ఇంటి కిటికీ రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా 1960లకి ముందు వేసిన పొరల్లో. యూట్యూబ్ చూసి వీకెండ్‌లో మిషన్ పెట్టి గీకేయకండి. ఆ దుమ్ము పిల్లలకి విషం. తడిపి గీకాలి, లేదా తెలిసినవాళ్లతో చేయించాలి.

ఇంతా చేసి కూడా కొన్ని కిటికీలు నిజంగానే చచ్చిపోయి ఉంటాయి. అప్పుడు మార్చాల్సిందే, అందులో తప్పేం లేదు. అప్పుడు గొడవంతా మిల్లీమీటర్ల దగ్గరే. జార్జియన్ ఇళ్ల చివరి కాలంలో అద్దాల మధ్య పట్టీలు 15, 16 మిల్లీమీటర్లంత సన్నవి కూడా ఉన్నాయి. మామూలు డబుల్ గ్లేజింగ్ యూనిట్ 24 లేదా 28 మిల్లీమీటర్ల మందం, దాన్ని పట్టుకోవాలంటే పట్టీ లావెక్కాలి. లావెక్కితే కిటికీకి కటకటాలు పెట్టినట్టుంటుంది. అందుకని కొందరు ఒకే పెద్ద అద్దం పెట్టి పైన ఉత్త పట్టీలు అంటిస్తారు, లేదా అద్దాల మధ్య తెల్ల కడ్డీలు ఇరికిస్తారు, రెండోది మరీ ఘోరం. ఇప్పుడు సన్న డబుల్ గ్లేజింగ్ 12, 14 మిల్లీమీటర్లలో దొరుకుతోంది, మధ్యలో గాలి తీసేసిన వాక్యూమ్ గ్లేజింగ్ అంతకన్నా సన్నగా వస్తోంది. ఖరీదు ఎక్కువే, కానీ పాత చట్రంలో కూడా పట్టే సందర్భాలున్నాయి, కౌన్సిళ్లు కూడా మునుపటికన్నా మెత్తబడ్డాయి. అద్దం బరువెక్కితే పెట్టెలోపల వేలాడే బరువులు కూడా మార్చాలి, ఇనుము బదులు సీసం పెట్టి. కొటేషన్‌లో ఆ సంగతి రాయనివాడికి సాష్ పని తెలీదని నా అనుమానం.

అప్లికేషన్ పెడితే ఆఫీసర్లు అడిగేవి: ఏ కిటికీ ఏ స్థితిలో ఉందో ఒక్కోదానికి నంబర్ వేసిన ఫొటోలు, ఇప్పుడున్నదాని డ్రాయింగ్, రాబోయేదాని డ్రాయింగ్, పట్టీని అడ్డంగా కోసి చూపించే పెద్ద సైజు బొమ్మ. కంపెనీ బ్రోచర్ జత చేస్తే పని జరగదు. 8 వారాల్లో తేల్చాలని లెక్క, కానీ తేలేదాకా ఆగడానికి ఓపిక పట్టండి. ఈ పద్ధతిలో లోపాలు లేవనను. ఒకే నమూనా కిటికీకి ఒక ఆఫీసర్ సరేనంటాడు, ఆయన మారాక వచ్చినావిడ కాదంటుంది, ఫోన్ చేస్తే ఎత్తరు. ముందు గోడ మీద వాళ్లు పట్టుదలగా ఉంటే నేను వాళ్ల పక్షమే, కానీ వీధిలో ఎవరికీ కనపడని వెనక వంటింటి కిటికీకి అదే పట్టుదల చూపించడం నాకు అతిగా అనిపిస్తుంది.

తలుపుల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే తలుపు మార్చాల్సిన అవసరం ఇంకా తక్కువ. పాత తలుపు ముతక చెక్క కాదు, నాలుగు పలకలో ఆరు పలకలో ఉన్న గట్టి చట్రం. చలి వచ్చేది ఉత్తరాల చిల్లు నుంచి, తాళపు కన్నం నుంచి, గడప సందు నుంచి. మూడింటికీ మూత ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే బీఎస్ 3621 ఐదు లివర్ల తాళం పాత తలుపుకీ బిగించొచ్చు, "సేఫ్టీ కోసం కాంపోజిట్ తలుపే, అంటే రకరకాల పదార్థాలు కలిపి చేసిన కొత్త తలుపే, గతి" అన్నది అమ్మకం మాట. సేఫ్టీ అంటే గుర్తొచ్చింది, 10 డౌనింగ్ స్ట్రీట్‌కి 1991లో మోర్టార్ దాడి తరువాత పాత ఓక్ తలుపు తీసి బాంబుకి తట్టుకునే లోహపు తలుపు పెట్టారు, బయటినుంచి చూస్తే అదే నల్ల జార్జియన్ తలుపు. ప్రధానమంత్రికే రూపం మార్చలేదు.

రంగుకి వస్తే, బాత్ నగరంలో రాయల్ క్రెసెంట్ అని అర్ధచంద్రంలా కట్టిన ఇళ్ల వరస ఉంది, తలుపులన్నీ తెల్లగా ఉండేవి. 1970లలో 22వ నంబర్ ఇంటావిడ తన తలుపుకి పసుపు రంగు వేసింది. కౌన్సిల్ నోటీసు ఇచ్చింది, ఆవిడ తగ్గలేదు, విచారణ దాకా వెళ్లి ఆవిడే గెలిచింది. మీరూ గెలుస్తారని కాదు నేను చెప్పేది, ముందు అడిగితే లాయరు ఖర్చు ఉండదని.

ఇందాక బ్రేక్‌లో ఒకావిడ అడిగారు, వాస్తు ప్రకారం సింహద్వారం పక్కకి జరపొచ్చా అని. అమ్మా, టెర్రస్ ఇంట్లో ముందు తలుపు జరపడం అంటే ముందు గోడ మార్చడం, దానికి కన్జర్వేషన్ ఏరియాలో ఒప్పుకుంటారని నేను అనుకోను. లోపల హాల్లో ఏం చేసుకుంటారో మీ ఇష్టం, లిస్టెడ్ కాకపోతే. గుమ్మానికి తోరణం మాత్రం నిక్షేపంగా కట్టుకోండి.

చీటీల మీద వచ్చిన ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి, "కంపెనీ ఫెన్సా సర్టిఫికెట్ ఇస్తానంటున్నాడు, ఇంకేం కావాలి?" ఫెన్సా సర్టిఫికెట్ చెప్పేది బిల్డింగ్ రెగ్యులేషన్స్ పాటించాం అని, అంటే వేడి, గాలి, పగలని అద్దం వగైరా. ప్లానింగ్ పర్మిషన్‌కి దానికి సంబంధం లేదు. అది చేతిలో ఉన్నా కౌన్సిల్ కిటికీలు పీకించొచ్చు. ఇంకో మాట, ఇళ్లలో పాతదాని బదులు పెట్టే కొత్త కిటికీకి యూ వాల్యూ, అంటే వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె, 1.4 దాటకూడదని 2022 నుంచి రూలు, అది చూపించి "ఒంటి అద్దం చట్టవిరుద్ధం" అని భయపెడతారు. లిస్టెడ్ ఇళ్లకి, కన్జర్వేషన్ ఏరియా ఇళ్లకి, ఆ రూలు పాటిస్తే ఇంటి రూపం చెడుతుందనుకున్నచోట మినహాయింపు ఉంది.

రెండోది. "మేం కొనకముందే ఆర్టికల్ 4 వీధిలో పాత ఓనర్ ప్లాస్టిక్ కిటికీలు పెట్టించాడు, ఇప్పుడేం చేయాలి?" ముందు ఎప్పుడు పెట్టించాడో కాగితం వెతకండి. 2024 ఏప్రిల్ 25కి ముందు పూర్తయి ఉంటే నాలుగేళ్ల తరువాత కౌన్సిల్ చర్య తీసుకోలేదు, ఆ తరువాత చేసినవాటికి పదేళ్లు. ఇది లిస్టెడ్ కాని ఇళ్ల లెక్క. కొనేటప్పుడు సాలిసిటర్ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్, అంటే ఇలాంటి పర్మిషన్ లోపం వల్ల నష్టం వస్తే ఆదుకునే పాలసీ, తీసి ఉంటే ఆ పాలసీ చదవకుండా కౌన్సిల్‌కి ఫోన్ చేయకండి, మీరే వెళ్లి కదిలిస్తే చాలా పాలసీలు చెల్లవు. ముందు సాలిసిటర్‌తో మాట్లాడండి. ఆ ప్లాస్టిక్ యూనిట్ల సీలు ఎలాగూ ఇరవై ఏళ్ల చుట్టుపక్కల పోతుంది, అద్దాల మధ్య మబ్బు పడుతుంది. మార్చే ఆలోచన అప్పుడు పెట్టుకోండి, అదీ చెక్కతో, అప్లికేషన్ పెట్టి. వీధి మళ్లీ పాత రూపానికి వస్తోందంటే కౌన్సిల్ అడ్డుపడటం అరుదు.

ఫొటోలు తెచ్చినవాళ్లు ఉంటే ఈ టేబుల్ దగ్గరికి రండి, ఒక్కో కిటికీ చూసి చెబుతాను. కొటేషన్ కాగితాలు ఉంటే అవీ తీసుకురండి.